పైయింటి సారు నాటకంలో మా అమ్మ మాట

మా చర్చి పిల్లలు ఈసారి క్రిస్మస్ నాటకం తామే రాసుకుని, "జర చూసి పెట్టండి అమ్మమ్మా" అని నా చేతికిచ్చారు. చాలా ఏళ్ళు బళ్ళో తెలుగు చెప్పినదాన్ని కదా, తప్పులు దిద్దుతానని వాళ్ళ ఆశ. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. మరియమ్మ, యోసేపు, దేవదూత, జ్ఞానులు అందరూ పుస్తకంలో భాష మాట్లాడుతున్నారు. గొర్రెల కాపరులు మాత్రం "ఏందిర బై, గా సుక్క గట్ల మెరుస్తుంది" అంటున్నారు. ఆ మాట పక్కనే 'ఇక్కడ జనం నవ్వుతారు' అని రాసి ఉంది.

రాసిన అమ్మాయిని పిలిచి అడిగాను.

"మీ తాత ఎట్లా మాట్లాడతాడే?"

"గట్లనే మాట్లాడతడు అమ్మమ్మా."

"ఆయన మాట్లాడితే నవ్వుతావా?"

ఆ పిల్ల ముఖం చిన్నబోయింది. తిట్టాననుకుంది పాపం. ఆ వయసులో నేను చేసిన పని ముందు అది చేసింది ఏపాటిది. కాగితాలు రెండు రోజులు నా దగ్గర ఉంచమని చెప్పి పంపాను. తర్వాత చాలాసేపు కలం పట్టుకుని కూర్చున్నాను గానీ ఒక్క అక్షరం దిద్దలేదు.

అప్పట్లో మేము నాంపల్లి స్టేషన్ వెనక సందులో కిరాయికి ఉండేవాళ్ళం. ఆ ఇల్లు ఇప్పుడు లేదు, ఆ జాగాలో లాడ్జి లేచింది. కింద రెండు గదులు మావి. పైన రెండు గదులు, వాటి ముందున్న డాబా పైయింటి సారు వాళ్ళవి. అందరికీ వాకిట్లో ఒకటే నల్లా. పొద్దున ఆ నల్లా దగ్గర బిందెల చప్పుడు, మెట్ల మీంచి దిగే కాఫీ వాసన, దర్గా వైపు నుంచి గాలి మళ్ళితే గులాబీలూ ఊదుబత్తులూ. వీటన్నిటి మీదా సన్నగా రైలింజను బొగ్గు పొగ. ఆరేసిన తెల్ల బట్టలు సాయంత్రానికి బూడిదరంగుకు తిరిగేవి. అమ్మ రోజూ ఆ పొగను తిట్టేది, రోజూ అక్కడే ఆరేసేది.

మా నాయిన స్టేషన్‌లో పార్సిల్ ఆఫీసులో పనిచేసేవాడు. ఆయన ఇంటికి రాగానే చొక్కా వాసన చూసి ఆ రోజు బండిలో ఏం దిగిందో చెప్పేదాన్ని. మామిడిపళ్ళు, చేపల బుట్టలు, గోనెసంచులు, ఒక్కోసారి మల్లెమొగ్గలు. "కుక్క ముక్కే నీది" అని నవ్వేవాడు.

అమ్మది మెదక్ దగ్గర పల్లె. మిషన్ హాస్టల్లో ఉండి ఐదో తరగతి దాకా చదివింది, కుట్టుపని అక్కడే నేర్చింది. కిటికీ కింద ఆమె కుట్టు మెషిన్ ఉండేది. ఆదివారం చర్చిలో కనపడే గౌన్లలో సగం ఆమె చేతివే. మెషిన్ కింద కూర్చుని గుడ్డపీలికలు ఏరుకోవడం నా పని. అక్కడ కూర్చుంటే పెద్దవాళ్ళకు నేనున్నట్టు గుర్తుండేది కాదు. అట్లా ఎన్ని మాటలు విన్నానో.

పైయింటి సారు లక్డీకాపూల్ దగ్గర ఒక గవర్నమెంటు ఆఫీసులో గుమాస్తా. యాభై ఆరులో రాష్ట్రం ఏర్పడ్డప్పుడు కృష్ణ ఒడ్డు నుంచి ఆఫీసుతో పాటు తరలి వచ్చినవాళ్ళు. ఆఫీసుకు నడిచి వెళ్ళి నడిచి వచ్చేవారు. దారి పొడుగునా పెదవులు కదులుతూనే ఉండేవి. సందులో కొత్తవాళ్ళు చూస్తే జపం చేస్తున్నారనుకునేవాళ్ళు. ఆయన చేసేది జపం కాదు, నాటకం రాయడం. నోటితో అని చూడకుండా ఒక్క మాట కూడా కాగితం మీద పెట్టేవారు కాదు. గడ్డం గీసుకుంటూ అత్తగారిలా తిట్టి, నురగ ముఖంతోనే కోడలిలా ఏడ్చేవారు. ఆయన భార్యను నేను పిన్నిగారూ అనేదాన్ని. ఆమె ఇవేమీ పట్టించుకోకుండా పెసరట్లు పోసుకుంటూ, "ముందు మొహం కడుక్కోండి, కోడలు తర్వాత ఏడవచ్చు" అనేది.

సాయంత్రాలు డాబా మీద రిహార్సల్స్. సుద్దముక్కతో గీతలు గీసి ఇది తలుపు, ఇది కిటికీ, ఇది అరుగు అని సారు చూపించేవారు. వేసేవాళ్ళంతా ఆఫీసు ఉద్యోగులే. ఒకావిడ టైపిస్టు, హీరోయిన్ వేషం ఎప్పుడూ ఆమెదే. సారు ఎవరినీ గట్టిగా కసిరేవారు కాదు. "నిలబడి అనే మాట వేరు, కూర్చుని అనే మాట వేరు తల్లీ. ఈ మాట అనాలంటే మనిషికి మోకాళ్ళలో బలం ఉండదు. కూర్చుని చూడు" అనేవారు. ఆమె కూర్చుని అనేది. మెట్ల మీద కూర్చున్న నాకు కూడా తేడా తెలిసేది. ఒకరోజు వాళ్ళు రాకముందే నేను సుద్దతో గీసిన తలుపు చెరిపేసి అవతలి మూలన గీశాను. తండ్రి వేషం ఆయన అలవాటుగా పాత చోటునుంచి వచ్చాడు. "గోడలోంచి వచ్చావేమిటయ్యా, నువ్వు పాత్రవా దెయ్యానివా?" అన్నారు సారు. ఎవరు చేశారో ఆయనకు తెలుసు. నావైపు చూసి మీసాల్లో నవ్వుకున్నారు.

నాకూ ఆయనకూ ఒక ఒప్పందం ఉండేది. సాయంత్రం ఆయన ఆఫీసు నుంచి వస్తూ ఆబిడ్స్‌లో బేకరీ మీదుగా తిరిగి ఉస్మానియా బిస్కెట్లు తెచ్చేవారు. మెట్ల దగ్గర ఆగి, "ఏమిటమ్మా ఇవాళ వార్తలు?" అని అడిగేవారు. నల్లా దగ్గర ఎవరు ఎవరిని ఏమన్నారో నేను చెప్పేదాన్ని. ఊరికే చెప్పడం కాదు, ఆ మనిషి లాగానే అని చూపించేదాన్ని. ఆయన కళ్ళు మూసుకుని వినేవారు. నచ్చితే రెండో బిస్కెట్టు.

అన్నిటికంటే ఆయనకు నచ్చింది నేను అమ్మలా మాట్లాడటం. "ఏంది గీ లొల్లి, ఆగమాగం చేస్తున్నరు, నా నెత్తి ఖరాబైతుంది" అని నడుం మీద చెయ్యి పెట్టుకుని అంటే డాబా మీదివాళ్ళంతా పడీపడీ నవ్వేవారు. "ఇంకోసారి, ఇంకోసారి" అనేవారు. నాకు ఎంత గర్వంగా ఉండేదో. ఇంట్లో అమ్మలాగే మాట్లాడేదాన్ని, బళ్ళో మాత్రం టీచర్ల భాష. బళ్ళో అమ్మ భాష జారితే పిల్లలు నవ్వేవారు, అది నాకు సిగ్గు. డాబా మీద కావాలని జార్చితే బిస్కెట్లిచ్చేవారు. ఈ రెండు నవ్వులూ ఒకటేనని అప్పుడు తోచలేదు.

ఆ ఏడు సీతాఫలాల కాలంలో ఒక మధ్యాహ్నం పాస్టరమ్మ మా ఇంటికి వచ్చింది. నేను మెషిన్ కింద ఉన్నాను. వాళ్ళు మా అమ్మమ్మ గురించి మాట్లాడుకుంటున్నారు. అమ్మమ్మ అంతకు ముందు ఏడాది పోయింది. అమ్మ మెషిన్ ఆపలేదు, గుడ్డ తిప్పుతూనే అంది:

"అన్న టెలిగ్రాం ఇయ్యలె, ఉత్తరమేసిండు. ఉత్తరం అందేటాలకు వారమాయె. నేను పొయ్యేటాలకు మన్ను సుత ఆరిపోయింది పాస్టరమ్మా. తడి మన్నన్న ఉంటె, అమ్మ ఇప్పుడే పోయిందనుకుందును."

పాస్టరమ్మ కుర్చీ అమ్మ దగ్గరికి జరుపుకుంది. అమ్మ మెషిన్ తొక్కుతూనే ఉంది.

ఆ సాయంత్రం ఆ మాట కూడా సారుకు చెప్పాను. ఎందుకు చెప్పానంటే ఏం చెప్పను. ఆ రోజు నా దగ్గర వేరే వార్తలు లేవు. సారు బిస్కెట్టు ఇవ్వడం మరిచిపోయారు. "మళ్ళీ చెప్పు" అన్నారు. చెప్పాను. జేబులోంచి కాగితం తీసి మెట్ల మీదే కూర్చుని రాసుకున్నారు.

రెండు నెలలకు నాటకం తయారైంది. ఆబిడ్స్‌లో ఒక హాల్లో ఆదివారం మధ్యాహ్నం ఆట. బట్టలన్నీ అమ్మే కుట్టింది. హీరోయిన్ జాకెట్లు, పనిమనిషి పాత్రకు అతుకుల చీర, తలుపుకు తెర. మాకు మూడో వరసలో కుర్చీలు వేయించారు సారు. అమ్మ చర్చికి కట్టే తెల్లచీర కట్టుకుంది.

కథ చిన్నదే. తల్లి చనిపోయిన కబురు ఆలస్యంగా అందిన కూతురు పుట్టింటికి వస్తుంది. అన్నకూ ఆమెకూ మధ్య మాటలు. నడుమ నడుమ నవ్వించడానికి ఒక పనిమనిషి. ఆ పనిమనిషి వచ్చి నడుం మీద చెయ్యి పెట్టుకుని, "ఏంది గీ లొల్లి, నా నెత్తి ఖరాబైతుంది" అంది. హాలంతా గొల్లుమంది. మొదటిసారి అమ్మ కూడా నవ్వింది. రెండోసారి నవ్వలేదు, తలతిప్పి నావైపు చూసింది. నేను స్టేజీ వైపే చూస్తూ కూర్చున్నాను.

చివర్లో హీరోయిన్ నేల మీద కూర్చుని అంది: "నేను వెళ్ళేసరికి బూడిద కూడా చల్లారిపోయింది అన్నయ్యా. వెచ్చగానైనా ఉంటే, అమ్మ ఇప్పుడే వెళ్ళిందనుకునేదాన్ని."

హాల్లో ముక్కులు చీదే చప్పుడు. నా చేతిని పట్టుకున్న అమ్మ చెయ్యి మెల్లగా విడిపోయింది.

ఇంటికి నడిచి వచ్చాం. దారిలో ఇరానీ హోటల్ ముందు ఎప్పుడూ బన్ను కోసం ఏడ్చేదాన్ని, ఆ రోజు అడగలేదు. స్టేషన్ దగ్గరికి వచ్చాక అమ్మ అడిగింది.

"నువ్వేనా చెప్పింది?"

"ఔ."

"రెండు మాటలూనా?"

"ఔ అమ్మా."

అంతే. కొట్టలేదు, తిట్టలేదు. మర్నాడు పొద్దున నన్ను లేపి, "లేవండి. స్నానం చేసి భోజనానికి రండి" అంది.

హాస్యానికేమో అనుకున్నాను. కాదు. ఆ రోజు నుంచి నాతో పైయింటి వాళ్ళ భాషలోనే మాట్లాడింది. మిషన్ హాస్టల్లో నేర్చిందంతా కూడదీసుకుని, ఒక్కొక్క మాటా ఇస్త్రీ చేసినట్టు. "పాఠశాలకు సమయమైనది." "అన్నము వడ్డించమందురా?" పదేళ్ళ పిల్లని నేను. నాయిన పళ్ళెం ముందు కూర్చుని అటూ ఇటూ చూసి, "ఏందే, ఇంట్లకు చుట్టాలెవరన్న వచ్చిన్రా?" అని అడిగాడు. అమ్మ ఆయనతో మామూలుగానే, "నువ్వు తిను" అంది. నాకు మాత్రం ఆ వాకిలి మూసేసింది. జ్వరం వచ్చినట్టు నటించాను. ఒళ్ళు పట్టి చూసి, "జ్వరము లేదు" అంది.

ఎనిమిదో రోజునో తొమ్మిదో రోజునో ఇక తట్టుకోలేక పైకి వెళ్ళాను. సారు రాసుకుంటున్నారు.

"సార్, మా అమ్మ నాతో మీలాగ మాట్లాడుతోంది."

ఆయన ముందు నవ్వారు. నేను ఏడుస్తున్నానని చూసి కలం పక్కన పెట్టారు. అంతా చెప్పాను. పిన్నిగారు వంటింటి గుమ్మంలో నిలబడి విని, "వెళ్ళండి కిందికి. ఇప్పుడే వెళ్ళండి" అంది భర్తతో.

సారు వచ్చి మా గడప మీద కూర్చున్నారు. అమ్మ మెషిన్ ముందు ఉంది.

"తప్పయిపోయింది చెల్లెమ్మా. నిన్ను అడగకుండా నీ మాట తీసుకున్నాను."

అమ్మ దారం కొరికి, సూదిలోకి ఎక్కించుకుంది.

"మాట తీసుకున్నందుకు కాదు సార్. మాటలు ఎవరియన్న ఎవరన్న తీసుకుంటరు. నా దుఃఖం ఆమెకిచ్చిన్రు, మంచిగ మాట్లాడేటామెకు. నా భాష తీస్కపొయ్యి పనిమనిషికిచ్చిన్రు, నవ్వెతందుకు. నేనొక్కదాన్నే గద సార్. రెండు తుంటలు చేసిన్రు."

సారు తల వంచుకున్నారు.

"ఇంకోటి. నేను మన్ను అన్న. మేము బొంద పెడతం. బూడిద కాదు."

ఆయన లేచి వెళ్ళిపోయారు. మర్నాడు సాయంత్రం మళ్ళీ వచ్చారు. పనిమనిషి పాత్రనే తీసేశానని చెప్పారు. నెల తిరక్కుండా నాంపల్లిలో నాటక పోటీలు ఉన్నాయి, అక్కడ ఆ పాత్ర లేకుండానే ఆడతామన్నారు. అమ్మ సంతోషిస్తుందనుకున్నారు. అమ్మ మెషిన్ ఆపేసింది.

"తీసేసిన్రా? నవ్వియ్యొద్దన్న గని, మమ్మల్నే తీసెయ్యుమన్ననా సార్?"

అప్పుడు ఆ మనిషి ముఖం నాకింకా కళ్ళకు కట్టినట్టుంది. "మరి ఏం చెయ్యమంటావమ్మా?" అన్నారు.

"నాకేమెరుక. రాసేటోళ్ళు మీరు." మెషిన్ మళ్ళీ తొక్కబోతూ అంది. "నాటకంల ఆ బిడ్డ మా దిక్కు బిడ్డయితె ఏమాయె?"

సారు వారం రోజులు ఆఫీసుకు సెలవు పెట్టారు. మా గడప మీద కూర్చుని నాటకమంతా మొదటినుంచి మళ్ళీ రాశారు. ఒక మాట రాసి చదివేవారు. "గట్ల అనం" అనేది అమ్మ. "మరి ఎలా అంటారు?" "అసలు అననే అనం. ఊకుంటం." ఆయన ఆ మాట కొట్టేసి 'ఊరుకుంటుంది' అని రాసుకునేవారు. అట్లా నాటకంలో సగం మాటలు పోయాయి. "ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను, ఎక్కడ ఆపాలో నాకెవరూ చెప్పలేదు" అనేవారు పిన్నిగారితో. మా పచ్చిపులుసు ఆయనకు అలవాటైంది అప్పుడే. మాకు గోంగూర.

వేషాలు వేసేవాళ్ళు ఒప్పుకోలేదు. హీరోయిన్ ఆ భాష మాట్లాడితే జనం నవ్వుతారని, పోటీలో పరువు పోతుందని అన్నారు. ఎప్పుడూ తండ్రి వేషం వేసే ఆయన మానుకున్నాడు కూడా. టైపిస్టు మాత్రం మానుకోలేదు. ఆఫీసు కాగానే వచ్చి అమ్మ మెషిన్ పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఎంత చెప్పినా 'పొయ్యేటాలకు' అనే మాట ఆమె నోట్లో తిరిగేది కాదు. ఒకరోజు అమ్మ విసిగిపోయి, తల తిప్పకుండానే నన్ను పిలిచింది.

"ఏయ్, జర నువ్వు చెప్పి సూపియ్యవే. నీకొస్తది గద నా లెక్క మాట్లాడుడు."

అన్ని రోజుల తర్వాత అమ్మ నాతో అమ్మలా అన్న మొదటి మాట అది. పొడిచి మరీ అంది, అయినా నాకు ప్రాణం లేచి వచ్చింది. నిలబడ్డాను. నడుం మీదకు పోబోయిన చేతిని వెనక్కి పెట్టుకున్నాను. మెల్లగా, నవ్వించకుండా, ఆ మాట అన్నాను. టైపిస్టు నన్ను చూసి, "ఆ, ఇప్పుడు తెలిసింది" అంది. అమ్మ మెషిన్ తొక్కడం మొదలుపెట్టింది.

పోటీల రోజు హాలు నిండింది. టైపిస్టు స్టేజీ మీదికి వచ్చి మొదటి మాట అనగానే జనం నవ్వారు. ఆ భాష వినపడితే నవ్వాలని వాళ్ళకలవాటు. తెర పక్కన సారు చెమటలు కక్కుతున్నారు. అమ్మ టైపిస్టుకు ముందే చెప్పిపెట్టింది: "నవ్వుతరు. నవ్వనియ్యి. అయిపోయినంక మల్ల అదే మాట అను." ఆమె ఆగింది. నవ్వు అయిపోయేదాకా ఎదురు చూసి, మళ్ళీ అదే మాట అంది. ఈసారి కొందరే నవ్వారు. నాలుగో మాటకు ఎవరూ నవ్వలేదు.

"నేను పొయ్యేటాలకు మన్ను సుత ఆరిపోయిందన్నా" అన్నప్పుడు నేను స్టేజీ వైపు చూడలేదు. అమ్మ వైపు చూశాను. ఆమె కళ్ళు తుడుచుకోలేదు, కారనిచ్చింది.

మాకు బహుమతి రాలేదు. ప్రయత్నం మంచిదే గానీ భాష రంగస్థలానికి పనికిరాదని ఒక పెద్దమనిషి మైకులో చెప్పాడు. సారు చేతులు కట్టుకుని విన్నారు. బయటికి వస్తుంటే హాలు ఊడ్చే ముసలమ్మ ఒకామె టైపిస్టు చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏ ఊరు బిడ్డా మీది?"

కృష్ణ ఒడ్డున పుట్టిన ఆ పిల్ల అమ్మ వైపు చూసింది.

"మెదక్" అంది అమ్మ. "మా మెదక్ పిల్లనే."

సారు ఆ తర్వాత చాలా నాటకాలు రాశారు. రెండు మూడు ఊళ్ళు తిరిగాయి, మిగతావి తిరగలేదు. ఏది రాసినా ముందు మా గడప మీద చదవాల్సిందే. రిటైరయ్యాక కూడా, మేము వేరే బస్తీకి మారాక కూడా, కాగితాలు సంచిలో పెట్టుకుని బస్సెక్కి వచ్చేవారు. ఇప్పుడు ఆయన లేరు, పిన్నిగారు లేరు. అమ్మ వెళ్ళి పదేళ్ళు దాటింది. ఆ నాటకాల కాగితాలు ఎక్కడున్నాయో నాకు తెలియదు. ఇప్పుడు నా ముందున్నవి ఈ పిల్లల కాగితాలే.

కానీ పోటీలైన మరుసటి వారం సంగతి ఒకటి చెప్పాలి. సారు మెదక్ చూస్తానన్నారు. "ఏముంది సార్ గాడ చూసేటందుకు" అంటూనే అమ్మ బయల్దేరింది. సారు, పిన్నిగారు, నాయిన, నేను, అందరం పొద్దున బస్సుకు వెళ్ళాం. పిన్నిగారు పులిహోర కట్టుకొచ్చింది. ఊరి బయట మా వాళ్ళ సమాధుల దొడ్డి. అమ్మమ్మ మీద గడ్డి మొలిచింది, మట్టి కొంచెం కుంగింది. సారు చెప్పులు విడిచి దూరంగా నిలబడ్డారు.

అమ్మ మోకాళ్ళ మీద కూర్చుని గడ్డి పీకింది. తర్వాత వెనక్కి తిరిగి అంది.

"సార్, ఇప్పుడు నేను మా అమ్మతోని మాట్లాడుత. ఇది రాయొద్దు."

"రాయనమ్మా" అన్నారు సారు. పిన్నిగారి చెయ్యి పట్టుకుని ఇంకో నాలుగడుగులు వెనక్కి జరిగారు.

నన్ను మాత్రం వెళ్ళమనలేదు అమ్మ. పక్కన కూర్చోమంది. చాలాసేపు మాట్లాడింది. అమ్మమ్మ లేచి కూర్చుని వింటున్నట్టే, కోపంగా కాసేపు, మెల్లగా కాసేపు. మొత్తం విన్నాను. ఒక్క మాట కూడా మరిచిపోలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో సారు నా పక్కన కూర్చున్నారు, కిటికీలోంచి చెరువులు చూస్తూ. ఏమన్నదని నన్ను అడగలేదు. నేనూ చెప్పలేదు.